బోల్టుల మీద వేసిన నింద

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క వాక్యమే. నా రిపోర్టు నాలుగో పేజీలో ఉంది, దాని కింద నా సంతకం ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఖరగ్‌పూర్‌లో, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లోని ఒక చిన్న కంపెనీలో ఇంజనీరుని. యంత్రం నడిచేటప్పుడు దాన్ని మోసే ఇనుప దూలం ఎంత అదురుతుందో కంప్యూటర్లో ముందే లెక్క కట్టడం నా పని. మా నాన్నతో పాటు రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన అప్పలసామి మావ, రిటైరయ్యాక మా దగ్గర ఫిట్టరుగా చేరాడు. నన్ను ఇక్కడ పెట్టించింది కూడా ఆయనే.

ఆరేళ్ల కిందట ఒక పెద్ద ఫ్యాను కోసం దూలం చేశాం. నా లెక్క ప్రకారం నిశ్చింతగా నిలబడాలి. మావ బిగించి నడిపితే గజగజ వణికింది. సెన్సారు పెట్టి మావ కొలిస్తే, గ్రాఫులో గీత కొండలా లేచే చోటు, అంటే దూలం అన్నిటికంటే ఎక్కువ అదిరే వేగం, సరిగ్గా ఫ్యాను తిరిగే వేగం దగ్గరే వచ్చింది. నా లెక్కలో అది చాలా దూరంగా ఉంది. తప్పు ఎక్కడ? ఇనుము బరువు సరిచూశాను. దూలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి లెక్క వేశాను. అదురును అణిచే అంకె పెంచాను. కొండ పొట్టిదైంది, చోటు మాత్రం కదల్లేదు.

దూలం వణికిన మొదటి రోజే మావ నా టేబుల్ దగ్గరికొచ్చి, "దూలం కాళ్ల కింద రబ్బరు ప్యాకింగ్ ఏసినాం తల్లీ. నీ కంప్యూటర్లో ఏసినావేటి?" అని అడిగాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే, డ్రాయింగులో లేకపోయినా ప్యాకింగ్ వేయడం వర్క్‌షాపు వాళ్ల అలవాటు. నేను తెర మీంచి తల తిప్పకుండా, అదేమీ కాదు మావా అనేశాను.

వారం తర్వాత మేనేజరు అందరి ముందూ నిలదీశాడు. బోల్టులు సరిగా బిగించి ఉండరు అన్నాను. నోటికొచ్చిన మాట. ఆ సాయంత్రమే ఎందుకో ప్యాకింగ్ గుర్తొచ్చింది. లెక్కలో కాళ్లను నేలకు అతికేసినట్టు పెట్టాను కదా, వాటి కింద రబ్బరు పెట్టి చూశాను. కొండ జరిగి, మావ కొలిచిన చోటే నిలబడింది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. మావకి కూడా తెలియనివ్వకుండా దూలానికి మార్పులు చేయించాను, రిపోర్టులో బోల్టుల మాటే రాశాను. నెల తిరక్కుండా మావని పనిలోంచి తీసేశారు.

ఎందుకు చేశాను? భయమా? ఆ ఆఫీసులో ఒక్కతే ఆడపిల్లని, ఒక్క తప్పు దొరికితే చాలు ఇంటికి పంపేస్తారు అని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను, అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మసి చేతుల మనిషి మొదటి రోజే పట్టుకున్నది నాకు వారం పట్టిందని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. అంత పొగరు నాకు.

రెండేళ్ల తర్వాత, చెప్పేద్దామనే ఊళ్లోనే నిమ్‌పురాలో ఉన్న మావ వాళ్లింటికి వెళ్లాను.

"ఆ దూలం ఇంకా వొణుకుతుందేటమ్మా?" అని అడిగాడు మావ.

"లేదు మావా. ఆగిపోయింది."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "అయితే నా బోల్టులే. ఏరేవోళ్లు బిగించాకే ఆగుంటది. ముప్పై ఏళ్లు బిగించిన సెయ్యి, పట్టు ఎప్పుడు పోయిందో నాకే తెల్నేదు. నీకు మాటొచ్చేలా సేసినాను. ఏటీ అనుకోకు తల్లీ."

టీ తాగి వచ్చేశాను. ఇప్పుడు కుళాయి బిగించాలన్నా ఇంకొకళ్లని పిలుస్తాడట. అత్త మొన్న చెప్పింది.

రేపు వెళ్లి చెప్తానని రాయను, ఆ రేపు చాలాసార్లు వచ్చి పోయింది. క్షమించమనీ అడగను. ఇక్కడ రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది. నాలుగో పేజీలో ఉండాల్సింది ఇది:

బోల్టులు గట్టిగానే ఉన్నాయి. ప్యాకింగ్ సంగతి ఫిట్టరు మొదటి రోజే చెప్పాడు. నేను వినలేదు.