విప్పిన నాలుగు కుట్లు

బొంతలక్క తన నీడను కూడా ఓ కంట కనిపెట్టి ఉంచే మనిషి. దారపు రీలు కొంటే, మధ్యలో ముక్కలు అతికించారేమోనని దుకాణంలోనే విప్పి చూస్తుంది. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. పాత చీరలు పొరలుగా పరిచి ఆమె కుట్టిన బొంతను తడిమితే కుట్టు చేతికి తగలదు.

కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు చూపిద్దామని ఒక మధ్యాహ్నం, పద్దెనిమిదేళ్ల కిందటి తన మొదటి బొంతను పెట్టె అడుగు నుంచి తీసింది. చూసి పకపకా నవ్వింది. ఒక కుట్టు బియ్యపుగింజంత, దాని పక్కది బొటనవేలంత. తిన్నగా జానెడు దూరం పోయిన వరుస లేదు. ముడులు లోపల దాచాలని కూడా తెలియక అన్నీ పైకే వేసింది. "దీన్ని కప్పుకుని పడుకున్నాడంటే మా ఆయనది ఎంత ఓర్పో!" అనుకుని, ఇప్పటి తన పనితనానికి తెగ మురిసిపోయింది.

అంతలో ఒక మూల మందంగా తగిలింది. కోడలు ఏమైనా దాచిందా? బొంతలు ఎండలో వేసేది ఆమే కదా! వెంటనే కత్తెర మొనతో నాలుగు కుట్లు విప్పింది. లోపల, మడత మీద మడతగా, నెమలికంఠం రంగు పట్టుచీర.

ఎప్పుడో కనిపించకుండా పోయిన బొంతలక్క చీరే అది. ఆ చీర కాజేసిందని ఒకప్పుడు ఆడపడుచును వీధి వీధంతా వినేలా ఆడిపోసుకుంది. ఏడుస్తూ వెళ్లిన ఆ పిల్ల, రెండు వీధుల అవతలే కాపురం ఉన్నా, మళ్లీ ఈ గడప తొక్కలేదు.

"బయటపడుతుందని భయపడి ఆ పిల్లే ఇందులో కుక్కి, మళ్లీ కుట్టేసి ఉంటుంది" అనుకుంది ముందు. బొంతను కిటికీ దగ్గరకు లాగి, వేరే చేతి కుట్టు కోసం అంగుళం అంగుళం వెతికింది. లేదు. చీర మడతల్ని గుచ్చుకుంటూ పోయిన ప్రతి వరుసా తనదే. అంత అధ్వానంగా కుట్టగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇప్పుడైతే ప్రతి పొరా దులిపి, పరిచి చూసుకుని గానీ సూది పెట్టదు. అప్పుడు పాత చీరల కుప్పలో చేతికి అందిందల్లా లోపలికి తోసేది. ఈ మూల దగ్గర సూది దిగక వేలు పొడుచుకుని సూదిని తిట్టడం కూడా గుర్తొచ్చింది.

సిగ్గుతో చచ్చినంత పనైంది. విప్పింది నాలుగు కుట్లే. ఇప్పటి చేత్తో మూసేస్తే జాడ ఎవరికీ తెలియదు. సూదిలో దారం ఎక్కించింది కూడా. కానీ ఆ ఆడపడుచు బజారులో అన్నకు ఎదురుపడి తల తిప్పుకున్న రోజున భర్త ఇంటికొచ్చి సగం అన్నం వదిలేసి లేవడం కళ్లముందు మెదిలేసరికి సూది పక్కన పెట్టేసింది. బొంతను అలాగే చంకన పెట్టుకుని బయలుదేరింది.

ఆడపడుచు తలుపు సగమే తెరిచింది. వదిన ముఖం చూసింది, చంకలో మూట చూసింది. తలుపు రెక్క మీద చెయ్యి తీయకుండానే అడిగింది.

"ఈసారి ఏం పోయింది వదినా?"