చిలుకమ్మ కుండ మీది పలక

చిలుకమ్మ నోట్లో మిగిలినవి నాలుగే పళ్లు. ఆ నాలుగింటితో ఆమె చేసిన ఉద్యోగం వరంగల్‌లో మరెవరూ చేసి ఉండరు. ఎనుమాములలోని ఒక పత్తి గోదాముకు మూడు కుక్కలు కాపలా. వాటికి ఆమె వంటమనిషి. జొన్నరొట్టె, మేక పేగులు, ఎముకలు ఉడికించిన బొక్కల రసం, అంతే. ఉప్పు వెయ్యదు. కుండ దించగానే ముందు తానొక ముద్ద నమిలి మింగాకే కుక్కలకు పెట్టేది. ఇంట్లో మనుమలకు ఈ మర్యాద లేదు. పొద్దటి పప్పు పులిసిందో లేదో వాళ్లే తిని తెలుసుకోవాలి.

పంతొమ్మిది వందల ఎనభై మూడు వానాకాలంలో మేనేజర్ వెంకట్రాజం హైదరాబాదు నుంచి ఒక సంచి తెచ్చాడు. నిండా కుక్కల బిస్కెట్లు.

"ఆర్నెల్లయినా ఖరాబు కావవ్వా. ఇగ నీకు పొయ్యి ఊదే బాధ లేదు," అన్నాడు.

పొయ్యి లేదంటే పని లేనట్టే. పొద్దున్నే చీర అంచు పట్టి లాగే ఆ మూడూ ఇక ఆమెవి కానట్టే.

"ఆర్నెల్లు చెడకుంట ఏం కలిపిండ్లు సారూ?"

"ఏదో మందు కలుపుతరు. నాకేం ఎరుక?"

"గట్లనా? నా రొట్టెలు గూడ నెల నిలుస్తయ్, సూడుండ్లి."

వెంకట్రాజం నవ్వాడు. "నిలిస్తే ఈ సంచి ముట్ట. సరేనా?"

పంతం పట్టిన చిలుకమ్మ వానలు తెరిపిచ్చిన మూడు రోజులూ రొట్టెలను రేకుల మీద ఎండబెట్టింది. వేపాకు వేసి కుండలో పేర్చి, మూతికి గుడ్డ కట్టింది. ఇరవయ్యో రోజు తీస్తే అంచులకు పచ్చగా బూజు. గీకేసింది. నమిలి చూద్దామంటే రొట్టె బండలా ఉంది, నాలుగు పళ్లూ మొరాయించాయి. మొట్టమొదటిసారి రుచి చూడకుండానే కుక్కలకు విరిచి వేసింది.

సాయంత్రానికి మూడింటిలో ముసలిదైన లాలి కక్కుకుని పడిపోయింది. వాచ్‌మన్ అబ్బాస్ దాన్ని ఎత్తుకుని పశువుల దవాఖానకు ఉరికాడు. వెనకే చిలుకమ్మ, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా.

"ఏం తిన్నది?" అని డాక్టరు అడిగాడు.

"ఎలుకను తిన్నదేమో సార్," అని అబ్బాస్ అవ్వను కాపాడబోయాడు.

"అబద్ధమెందుకు బిడ్డా? బూజు రొట్టె నేనే పెట్టిన సారూ. ఇరవై దినాల కింద చేసింది. జొన్నపిండి, నీళ్లు, మీద వేపాకు. ఇంకేం లేదు."

సంగతి తెలిసింది కాబట్టి డాక్టరు తడుముకోకుండా మందు పోశాడు. తెల్లారి లాలి లేచి తోక ఊపింది. దవాఖానకు చూడవచ్చిన వెంకట్రాజం చంకలో బిస్కెట్ల సంచి ఉంది.

"చూసినవా అవ్వా? ఇయ్యాల్టి సంది ఇదే."

డాక్టరు సంచి అందుకుని అటూ ఇటూ తిప్పాడు. "నిలువ ఉండనీకి మందు కలిపితే విషమైతదని కాదు. కొలత మించకుంటే బూజు కంటే నయమే. గని ఏం కలిపిండ్లు, ఎంత కలిపిండ్లు? దీనిమీద రాయనే లేదు. రేపు ఇది తిని పడిపోతే ఏమని మందియ్యాలె నేను?"

వెంకట్రాజం సంచి అందుకుని తానూ తిప్పి చూశాడు. చిలుకమ్మ మాత్రం గెలిచానని ఎగిరిపడలేదు.

"నెల ముచ్చట ఇడిసిపెట్టిన సారూ. నా పొగరుకు అది కక్కుకున్నది. ఏనాటిది ఆనాడే వండుత. ఏమేసిన్నో రాయిస్త."

మేనేజర్ లాలి వైపు చూశాడు. అది పోయి చిలుకమ్మ చీర అంచు పట్టుకుంది. "సరే, రాయించు," అన్నాడు.

అప్పటినుంచి పొయ్యి పైన ఒక పలక వేలాడింది. అక్షరం ముక్క రాని చిలుకమ్మ చెబుతుంటే అబ్బాస్ రాసేవాడు: జొన్నలు, పేగులు, బొక్కల రసం. ఉప్పు లేదు. మందు లేదు. ఈ దినందే. రాసింది రెండుసార్లు చదివించుకునేది. బిస్కెట్లలో ఏముందని వెంకట్రాజం కంపెనీకి ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు.

కుండలో రెండు ముక్కలు మేక కార్జం కూడా వేసిన ఒకనాడు, పలక చదువుతున్న అబ్బాస్‌ను చిలుకమ్మ ఆపింది. "కార్జం ఏదిరా?"

"రెండు ముక్కలే గదవ్వా, కుక్కలకు చదువొస్తదా?"

"నాకూ రాదు. రాయి!"

సుద్ద అయిపోయింది. అబ్బాస్ దుకాణానికి వెళ్లి వచ్చేదాకా మూడు కుక్కలూ కుండ చుట్టూ చొంగ కారుస్తూ కూర్చున్నాయి. ముద్ద నమిలేసిన చిలుకమ్మ మాత్రం మూత మీద చెయ్యి తీయలేదు.