క్లిస్టర్ మీద అక్షింతలు

ఒక తండ్రి తన కూతుర్ని మనసారా దీవించి, ఆ దీవెనతోనే ఆ పిల్ల కాళ్లకి బంధం వేసిన సంగతి మీరెప్పుడైనా విన్నారా? వినకపోతే కాస్త ఇటు జరిగి కూర్చోండి. ఆ మహానుభావుణ్ణి నేనే. శాపం పెట్టి మనుషుల్ని రాళ్లు చేసిన మునులు పురాణాల్లో బోలెడుమంది ఉన్నారు గానీ, అక్షింతలు వేసి అంతపనీ చేసినవాడు నాకు తెలిసి మరొకడు లేడు.

ఎనభైల మొదట్లో మాట. మిన్నెసోటాలో బాగా ఉత్తరాన, ఓ చిన్న ఊరి ఆస్పత్రిలో నేను మత్తు డాక్టర్ని. ఊరి పేరు మాత్రం అడక్కండి. నన్ను గుర్తుపెట్టుకున్నవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు, అదీ ఈ ఒక్క విషయానికే. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేది మా ముగ్గురమే: నేను, మా ఆవిడ రాజ్యం, మా అమ్మాయి మాధవి. మిగతావాళ్లందరికీ మంచు మాతృభాష.

మొదటి చలికాలమంతా నేను హీటర్ పక్కనే కాపురం పెట్టాను. ఒకరోజు ఆస్పత్రి వెనక అడవిలోంచి పిల్లల గుంపొకటి స్కీల మీద బయటికొచ్చింది. కొండ మీంచి జారిపోయే స్కీయింగ్ కాదిది. క్రాస్ కంట్రీ. చదునైనా, ఎగువైనా, దిగువైనా సొంత కాళ్లతో, సొంత ఊపిరితో మైళ్లకొద్దీ పోవాలి. పదేళ్ల పిల్లలు, పన్నెండేళ్ల పిల్లలు, చప్పుడు లేకుండా, తెల్లటి చెట్ల మధ్య ఒకరి వెనక ఒకరు అలా తేలిపోతుంటే నేను చేతిలో కాఫీ మర్చిపోయి నిలబడ్డాను. మనుషులు ఇలా కూడా కదలగలరా అనిపించింది. ఆ సాయంత్రమే మాధవిని స్కీ క్లబ్బులో చేర్చాను. నేను చేరలేదు. ఆశ్చర్యపోవడానికి ఒంట్లో బలం అక్కర్లేదు కదా.

మాధవి మూడు చలికాలాలు పడింది, లేచింది, మళ్లీ పడింది. క్లబ్బులో అందరూ 'మ్యాడీ' అని పిలిచేవాళ్లు. అందరికంటే వెనక వచ్చేది. కానీ ఒక్క రోజు మానలేదు. నాలుగో ఏడు, సీజన్ చివరి పోటీకి, అమ్మాయిల రిలేలో ఒకమ్మాయి మణికట్టు విరగ్గొట్టుకుంటే ఆ ఖాళీ మాధవికి వచ్చింది. తన జట్టులో క్రిస్, బెత్ అనే ఇద్దరు. ఇద్దరూ లేళ్లు. ఆఖరి చుట్టు మాధవిది.

ముందురోజు డిన్నర్ దగ్గర పిల్ల ముద్ద మింగలేదు.

"డాడీ, మన క్లబ్‌కి రిలేలో మెడల్ ఎప్పుడూ రాలేదు. ఈసారి క్రిస్, బెత్ చాలా ఫాస్ట్. నా వల్ల పోతే?"

"పోదమ్మా. నేనున్నాగా!"

చూశారా ఆ మాట? పోవడానికి బీజం సరిగ్గా అక్కడే పడింది.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉండేది. పోటీనాడు జట్టు స్కీలకి మైనం పట్టించే పని తల్లిదండ్రులది, వంతులవారీగా. ఆ రోజు వంతు నాది. స్కీ అడుగున ముందూ వెనకా జారడానికి ఒక మైనం, సరిగ్గా పాదం కింద మంచుని పట్టుకోవడానికి ఇంకో మైనం. ఆ పట్టు లేకపోతే ఎగువ ఎక్కలేరు, అది ఎక్కువైతే ముందుకి పోలేరు. మార్చి నెలాఖరు తడి మంచుకి మామూలు మైనం చాలదు, క్లిస్టర్ అని ట్యూబులో వచ్చే జిగురు రాయాలి. పనసపండు కోసిన చేత్తో జుట్టు సర్దుకున్నవాళ్లకి దాని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

కోచ్ పేరు ఆర్నీ. ఊరి పళ్ల డాక్టరు. రోజంతా నోళ్లు తెరిపించే ఉద్యోగం కాబట్టి కాబోలు, తన నోరు చాలా పొదుపుగా తెరిచేవాడు. నేను మూడు జతల స్కీలకీ క్లిస్టర్ పల్చగా, సమంగా, మత్తుమందు డోసు కొలిచినంత శ్రద్ధగా పూసి, చల్లారడానికి బల్ల మీద అడుగుభాగాలు పైకి పెట్టి ఆరబెట్టాను. ఆర్నీ వంగి చూశాడు. వేలితో ముట్టుకున్నాడు.

"గుడ్," అన్నాడు.

అంతే. నాలుగేళ్లలో ఆయన నాకిచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. మెడికల్ కాలేజీలో డిగ్రీ పుచ్చుకున్నప్పుడు కూడా నా ఛాతీ అంత పొంగలేదు. అక్కడితో ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ వారంలోనే ఉగాది. అమెరికాలో మా పండగలన్నీ ఆదివారానికి వాయిదా పడతాయని మీకు తెలుసుగా. అందుకని పోటీ జరిగే ఆ ఆదివారమే మాకు ఉగాది. రాజ్యం పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టిన అక్షింతలు ఫిల్మ్ డబ్బాలో పోసి కోటు జేబులో తెచ్చింది. పసుపూ నెయ్యీ కలిపిన మంచి అక్షింతలు. నెయ్యి తనే కాచింది.

"ఏవండీ, పిల్లని కారు దగ్గరికి పిలుద్దాం. అక్కడ వేద్దాం."

"కారు దగ్గరెందుకు? ఇక్కడే వేద్దాం. నలుగురూ చూస్తారు."

"ఇక్కడ గాలిగా ఉందండీ."

"దీవెనకి గాలేమిటే, పిచ్చిదానా!"

మాధవి వచ్చి ఆ బూట్లతోనే వంగి మా కాళ్లకి దణ్ణం పెట్టింది. క్లబ్బు వాళ్లు కుట్టించిన బిగుతు సూటులో అలా వంగడమే ఒక విన్యాసం. క్రిస్, బెత్ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు.

"అంకుల్, వాట్ ఈజ్ దట్?"

"గుడ్ లక్. మా దేవుడి దగ్గర పెట్టిన బియ్యం."

"మాక్కూడా!" అంటూ ఇద్దరూ టోపీలు తీసి తలలు వంచారు.

రెండు బంగారు రంగు తలలు, ఒక నల్ల తల, మంచులో వరసగా నా ముందు వంగి ఉన్నాయి. ఏ దేశం పిల్లలు, ఏ ఉగాది! పొంగిపోయిన మనిషి చెయ్యి ఎప్పుడూ పెద్దదే. డబ్బా మొత్తం గుప్పిట్లో ఒంపుకుని, "విజయోస్తు!" అని నలుగురికీ వినిపించేలా అరిచి, పైకి విసిరాను.

సరిగ్గా అప్పుడే గాలి వీచింది.

పిల్లల తలల మీద పడ్డవి నాలుగు గింజలు. మిగతావన్నీ వాళ్ల వెనకున్న బల్ల దాకా వెళ్లి, ఆరీ ఆరని క్లిస్టర్ మీద వాలి, అక్కడే స్థిరపడ్డాయి. మూడు జతలకీ అందాయి. గాలి ఏమాత్రం పక్షపాతం చూపలేదు.

"నే చెప్పలా?" అంది రాజ్యం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాట ఎన్నోసార్లు విన్నాను గానీ, అంత మెల్లగా ఎప్పుడూ విన్లేదు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. స్కీ జారకపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పి చావలేదు. గింజ పీకబోతే జిగురు సాగి వస్తోంది. జిగురు వదిలితే గింజ ఇంకా లోపలికి దిగుతోంది. నెయ్యి తగిలిన చోట జిగురు రంగే మారిపోయింది. నేను కారుకి పరిగెత్తి నా డాక్టర్ పెట్టె తెచ్చి, చిన్న పటకారుతో ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టాను. ఇంతలో బల్ల మీద నీడ పడింది. ఆర్నీ.

"అదేమిటి?"

"రైస్."

"రైస్."

"బ్లెస్సింగ్."

"క్లిస్టర్ మీద."

"గాలి వచ్చింది."

ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు. తర్వాత కోటు లోపలి జేబులోంచి పళ్లు గీకే సన్నటి కొక్కెం ఒకటి తీశాడు. అది ఆదివారం కూడా జేబులో ఎందుకుందో నేను అడగలేదు. అలా ఒక మత్తు డాక్టరూ ఒక పళ్ల డాక్టరూ మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఒక స్కీకి ఆపరేషన్ మొదలుపెట్టారు. మత్తు అవసరం లేని రోగి నా సర్వీసులో అదొక్కటే.

క్రిస్ స్కీలు శుభ్రపడేసరికి పోటీ మొదలైంది. బెత్ స్కీలు ఆఖరి నిమిషంలో తెమిలాయి. మాధవి స్కీలలో ఒకటి సగం, ఒకటి అసలు ముట్టుకోలేదు. అంతలో బెత్ చెట్ల మధ్యలోంచి వస్తూ కనిపించింది, రెండో స్థానంలో! క్లబ్బు క్లబ్బంతా అరుస్తోంది. మాధవి చెయ్యి చాచి నిలబడాల్సిన టైము. స్కీలు తీసుకుని అడుగు చూసింది.

"డాడీ. ఈజ్ దట్ రైస్?"

ముందురోజు రాత్రి 'నేనున్నాగా' అన్నది ఈ నోరే. "సారీ అమ్మా" అన్నాను.

పిల్ల నన్ను తిట్టలేదు. స్కీలు తొడుక్కుంది, బెత్ చెయ్యి తగలగానే వెళ్లింది.

వెళ్లింది అన్నానా? నడిచింది అనాలి. బియ్యానికి మంచు పట్టి, ఆ మంచుకి ఇంకాస్త మంచు పట్టి, చూస్తుండగానే పిల్ల ఎత్తు పెరిగింది. మూడో అమ్మాయి దాటిపోయింది. నాలుగో అమ్మాయి, ఐదో అమ్మాయి కూడా. మాధవి ఆగింది. ఒక స్కీ అంచుతో రెండోదాని అడుగు గీరింది. కదిలింది. మళ్లీ పట్టింది. మళ్లీ గీరింది. చేతుల్లోని స్కీ కర్రలు రెండూ కలిపి మంచులో పొడుస్తూ, చేతుల బలంతో ఒళ్లంతా ముందుకి ఈడ్చుకుంటూ చెట్ల మధ్యకి వెళ్లిపోయింది. నేను మొహం చేతుల్లో పెట్టుకున్నాను.

దారి చివర్లో ఒక నిటారు ఎగువ ఉంది. పిల్లలు దానికి 'హార్ట్ ఎటాక్' అని పేరు పెట్టారు. అది ఎక్కితే ఆ పక్కనే పోటీ ముగిసే గీత. మేమంతా దాని పైన నిలబడ్డాం. మధ్యాహ్నపు ఎండకి ఆ ఎగువ మీది మంచు నీళ్లూరి సబ్బులా తయారైంది. మొదట వచ్చిన ఇద్దరమ్మాయిలూ కిందా మీదా పడి ఎలాగో ఎక్కి గీత దాటారు. మూడో అమ్మాయి ఒక అడుగు ఎక్కితే రెండడుగులు జారుతోంది. నాలుగో స్థానంలో ఉన్నమ్మాయి చేతుల మీద పాకుతోంది.

అప్పుడు చెట్ల మధ్య మాధవి కనిపించింది. అందరికంటే వెనక. మొహం ఎర్రబడి, నోటిలోంచి ఆవిరి తెరలు తెరలుగా. ఎగువ మొదట్లో క్షణం ఆగింది. తలెత్తి పైకి చూసింది. ఎక్కింది.

అబ్బ, దాన్ని ఎక్కడం అంటారో లేదో కూడా నాకు తెలీదు. మేడమెట్ల మీద పరిగెత్తినట్టు పైకి వచ్చేసింది! ఒక్క అంగుళం వెనక్కి జారలేదు. జిగురూ బియ్యమూ మంచూ కలిసి ఏ గోళ్లు మొలిచాయో ఆ స్కీలకి. పాకుతున్నమ్మాయిని దాటింది. మూడో అమ్మాయి భుజం దాకా వచ్చింది. నా పక్కన ఆర్నీ చేతిలో స్టాప్‌వాచీ ఉంది, ఆయన దాన్ని నొక్కడం కూడా మర్చిపోయాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఈ బలం ఎక్కడిది ఈ పిల్లకి? నాది కాదు, నాకు ఆస్పత్రి మెట్లెక్కితేనే ఆయాసం. రాజ్యం నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది.

ఎగువ మీద గెలిచింది గానీ, పైన గీత దాకా ఉన్న చదును మీద మళ్లీ బియ్యం పట్టేసింది. ఒక్క స్కీ పొడవులో మూడో స్థానం పోయింది. నాలుగో స్థానం. మెడల్ లేదు.

క్రిస్, బెత్ వచ్చి మాధవి మీద పడి ముగ్గురూ మంచులో దొర్లారు. నేను వాళ్ల దగ్గరికి వెళ్లి, నా బుద్ధిలేనితనం వల్ల మీ మెడల్ పోయింది అని చెప్పాను.

"అంకుల్, మీరు ఆ కొండ చూశారా?" అంది బెత్. మెడల్ ఊసే ఎత్తలేదు.

మాధవి నా వైపు చూసింది. "డాడీ, అందరూ జారారు. నేను జారలేదు." ఆ మొహంలో వెలుగు నేను ఆ తర్వాత తన గ్రాడ్యుయేషన్‌లోనూ చూడలేదు, పెళ్లిలోనూ చూడలేదు. తప్పు చేసిన మొహంతో వెళ్లిన నేను కూతురి ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ నోట్లో ఏ పన్ను పుచ్చిందో ఆర్నీ ఉచితంగా చూసుకుని ఉంటాడు.

సాయంత్రం చర్చి హాల్లో సీజన్ ముగింపు భోజనాలు. ప్రతి ఇంటినుంచీ ఓ వంటకం. తిండికి ముందు ఆర్నీ లేచి ఆ ఏడాది క్లబ్బు వార్తలు చెప్పడం ఆనవాయితీ. ఎవరు ఏ పోటీలో ఎన్నో స్థానం, ఎవరి కాలు బెణికింది, ఎవరు పై క్లాసుకి వెళ్తున్నారు, అన్నీ పొడిపొడిగా చెప్పుకొచ్చాడు. చివరికి రిలే దగ్గర ఆగాడు.

"అమ్మాయిల రిలే, నాలుగో స్థానం. మన క్లబ్బుకి ఇంతవరకూ ఇదే బెస్ట్. ఈరోజు ఆ ఎగువని మ్యాడీ కంటే వేగంగా ఎక్కినవాళ్లు లేరు. అబ్బాయిల్తో కలిపి." గొంతు సవరించుకున్నాడు. "స్కీల కింద నేను ఆకులు చూశాను, మట్టి చూశాను, ఒకసారి ఎలుక తోక చూశాను. లంచ్ చూడ్డం ఇదే మొదలు. అది బియ్యం వల్లే అని నేననను. కాదని కూడా అనను."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు. మాధవి బల్ల కింద దాక్కుంది. నాకూ దాక్కోవాలనే ఉంది గానీ బల్ల కింద చోటు లేదు.

తర్వాత ప్లేట్లు పట్టుకుని లైన్లో కదిలాం. రాజ్యం పండగని పెద్ద పళ్లెం నిండా పులిహోర చేసి తెచ్చింది. పసుపుపచ్చగా నిగనిగలాడుతోంది. ఆర్నీ దాని ముందుకొచ్చి ఆగాడు. వంగి చూశాడు. గరిటె ఎత్తి, దించి, నా వైపు తిరిగి, నవ్వన్నది లేకుండా అడిగాడు:

"డాక్టర్, ఇది తినడానికా, స్కీలకా?"

ఆ హాలు నవ్వు ఆగేసరికి నా ప్లేట్లో బీన్స్ చల్లారిపోయాయి. ఆర్నీ పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాడు.

అప్పుడే, అక్కడే, ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరినైనా దీవించాలనిపిస్తే ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తాను. తర్వాత చుట్టుపక్కల ఏమేమి తడిగా ఉన్నాయో చూస్తాను. అప్పటికీ చెయ్యి ఊరుకోకపోతే రెండు చేతులూ జేబుల్లో దూర్చుకుని, నోటితో మాత్రమే దీవిస్తాను. అది కూడా, రాజ్యం సరేనన్న తర్వాతే.