తుమ్ముల పిన్ని రక్తంలో విసిరేవాళ్లు

దిండ్లు కుట్టే ఆ షెడ్డులో పిన్ని తుమ్మితే దూది లేచేది. దూది లేస్తే పిన్ని మళ్లీ తుమ్మేది. ఆ తుమ్ముల్లోనే ఏళ్లు గడిచిపోయాయి, కన్నవాళ్లు పెట్టిన పేరు కాస్తా కొట్టుకుపోయి ఊరందరికీ 'తుమ్ముల పిన్ని' మిగిలింది. కిటికీలు తెరిస్తే సరుకు ఎగిరిపోతుందని యజమాని వాటికి మేకులు కొట్టించాడు. దూది వీధిలోకి పోతే నష్టం, ఆడవాళ్ల ముక్కుల్లోకి పోతే ఆయన సొమ్మేం పోయింది?

ఒకనాడు బేరానికొచ్చిన పెద్దమనిషి మొహం మీదే పిన్ని తుమ్మింది. ఆయన దిండు అక్కడే పడేసి వెళ్లిపోయాడు. యజమాని మండిపడ్డాడు.

"నీకేదో రోగముంది. రక్తపరీక్ష చేయించుకునిరా. రోగమని తేలితే మళ్లీ ఈ గడప తొక్కకు."

 పిన్ని కుడితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఆస్పత్రిలో రక్తం తీసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"ఎర్రకణాలు బాగున్నాయి పిన్నీ, అవి ప్రాణవాయువు మోసే కూలీలు. ప్లేట్‌లెట్లు తెగినచోట అడ్డంపడి రక్తం ఆపుతాయి. తెల్లకణాల్లోనే రకాలు. క్రిములొస్తే న్యూట్రోఫిల్స్ ముందు దూకుతాయి. మోనోసైట్లు చచ్చినవాటినీ చెత్తనీ మింగుతాయి. లింఫోసైట్లలో కొన్ని ఒకసారి చూసిన శత్రువుని ఏళ్లయినా మరిచిపోవు."

"అచ్చం మా ఆడపడుచే."

"మీకు ఎక్కువైనవి ఇసినోఫిల్స్. కడుపులో పురుగులున్నా, ఏదైనా ఒంటికి పడకపోయినా పెరుగుతాయి. మీకు దుమ్మే పడట్లేదేమో అన్నారు డాక్టరుగారు."

పిన్ని చెవిలో అది విసనకర్రలా 'విసినోఫిల్స్' అని పడింది. మర్నాడు ధీమాగా యజమాని ఎదుట నిలబడింది.

"రోగం కాదయ్యా. నా రక్తంలో విసిరేవాళ్లు ఎక్కువయ్యారట. ఈ షెడ్డులో గాలాడక పాపం లోపల వాళ్లే విసురుతున్నారు. ఫ్యాను పెట్టించండి."

యజమాని రిపోర్టు లాక్కుని పగలబడి నవ్వాడు. "విసినో కాదే పిచ్చిదానా, ఇసినో! అంటే కడుపులో పురుగులు. మాత్ర మింగి తగ్గించుకో, లేదంటే వేరే పని చూసుకో."

ఆస్పత్రిలో చెప్పిన రెండు కారణాల్లో ఖర్చులేనిది ఆయనకి టక్కున దొరికింది. పిన్ని మాత్ర మింగింది. తుమ్ము మాత్రం తగ్గలేదు. పని పోయేలా ఉందని తెలిసి, తోటివాళ్లను వెంటేసుకుని మళ్లీ ఆస్పత్రికి నడిచింది. అందరి రక్తంలోనూ అదే తంతు.

"అయితే అందరికీ పురుగులే!" అన్నాడు యజమాని.

"ఇంతమందికీ కూడబలుక్కుని పట్టాయా అయ్యా? మీరూ ఈ షెడ్డులోనే కూర్చుంటారుగా, మీ రక్తమూ చూపించండి. బాగుంటే నేనే మానేస్తాను."

పంతం కొద్దీ చూపించుకున్నాడు. అందరికంటే ఆయనకే ఎక్కువ. ఇంట్లో ఆయన భార్య పురుగుల మాత్ర, గ్లాసుడు నీళ్లు పట్టుకుని సిద్ధంగా నిలబడింది. "మింగండి. ఊరందరికీ మీరే చెప్పారటగా!"

మింగాడు. మర్నాడు షెడ్డులో కూర్చుని తుమ్మాడు. ఏ ముక్కు కూలీదో ఏది యజమానిదో దుమ్ముకి తెలియదు. తెలిసినవాళ్లే తెలియనట్టు నటిస్తారు. వారం తిరక్కముందే కిటికీల మేకులు ఊడాయి, గాలిని బయటికి లాగే ఫ్యాను గోడకెక్కింది. పిన్ని మళ్లీ తన కుట్టుమిషను ముందు కూర్చుంది.

అయితే ఫ్యాను నోరు పక్కనున్న టీకొట్టు వైపు పెట్టారు. పాలగిన్నె మీద దూది మీగడలా పేరుకుంది. టీకొట్టాయన గిరాకీల మీద తుమ్మడం మొదలెట్టాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కొచ్చింది.

వాళ్లిద్దర్నీ చూడగానే యజమాని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఈసారి ఎవరి రక్తం కావాలే తల్లీ?"

"రక్తం వద్దులెండి అయ్యా. ఆ ఫ్యాను మూతికో గుడ్డసంచి కట్టించండి చాలు."