దానియేలు అన్న వెతికిన వాక్యం

నిన్న పొద్దున కో-డైరెక్టర్ ఫోన్ చేసి, దానియేలు అన్న హార్ట్ ఎటాక్‌తో పోయారన్నాడు.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే కృష్ణానగర్‌లో నా చాయ్ కూడా ఆయనే తాగేశారు.

అన్నని మీరందరూ చూసే ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. సినిమాలో చర్చి పెళ్లి ఉందంటే ఫాదర్ ఆయనే. ఆ తెల్లగడ్డం, ఆ గొంతు.

పుట్టుకతో క్రైస్తవుడే. కానీ బైబిల్ పట్టుకునేది షూటింగ్‌లోనే. అది కూడా నల్ల అట్ట వేసిన టెలిఫోన్ డైరెక్టరీ.

ఆయనకి డైలాగులు రాసింది నేను. ఒక సినిమాకి బైబిల్ వాక్యం కావాలన్నారు డైరెక్టర్. వెతికే ఓపిక నాకెక్కడిది? నేనే రాసేశాను.

"రెండు గుండెలు ఒక్క దీపమైతే ఆ ఇంట చీకటికి చోటుండదు, అని దేవుని వాక్యం."

సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత అన్న వాళ్ల వీధిలో నిజం పెళ్లి. పాస్టర్ గారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, రెండు మాటలు చెప్పమని అన్నని నిలబెట్టారు. ఆయన నా డైలాగే కొట్టారు. అందరూ ఆమెన్ అన్నారు.

పక్కింటి ఎస్తేరమ్మ మాత్రం ఒళ్లో బైబిల్ తెరిచి, "గది ఏ అధ్యాయంల ఉన్నది బిడ్డా?" అంది.

చూసి చెప్తానని అన్న తప్పించుకున్నారు. మర్నాడు వచ్చి నన్నడిగారు. నేను తల ఎత్తకుండా, "మధ్యలో ఎక్కడో ఉంటుంది, చూడన్నా" అన్నాను.

చూశారు. మొదటి పేజీ నుంచి. మేకప్ కుర్చీలో, షాట్ గ్యాప్‌లో. అర్థం కానిచోట ఎస్తేరమ్మని అడిగేవారు. ఏడాదిన్నర పట్టింది. నిజం చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

చివరి పేజీ అయ్యాక వచ్చారు. కొడతారనుకున్నాను.

"నీ డైలాగ్ ఇందుల లేదు తమ్మీ. సగంలనే సమజైంది."

"మరెందుకు చదివావన్నా?"

"ఆపబుద్ధి కాలే. ఇన్నేండ్లు దేవుని పేరు మీద ఏం చెప్తున్ననో నాకే తెల్వకపాయె."

అప్పట్నుంచి సెట్‌లో ప్రతి లైన్‌కీ "ఏ అధ్యాయం?" అని అడిగేవారు. డైరెక్టర్లు విసిగిపోయారు. చేతిలోంచి రెండు సినిమాలు పోయాయి. ఆయన ఫికర్ చేయలేదు. నాకు మాత్రం సిగ్గేసింది.

నిన్న సాయంత్రం అన్న శవపేటిక పక్కన నన్ను నిలబెట్టి, రైటర్‌ని కదా, ఏదైనా చెప్పమన్నారు. నోట్లోకి మంచి లైన్ వచ్చేసింది.

మింగేశాను.

అన్న బైబిల్ తీసుకుని, ఎక్కడ చదవమంటారని ఎస్తేరమ్మని అడిగాను. ఆమె చూపించింది. చదివాను. నా మాట ఒక్కటీ కలపలేదు.

వెళ్లిరా అన్నా. దేవుడి దగ్గర హాయిగా ఉండు.

నేను మొదటి పేజీలో ఉన్నాను.