కొర్రమీనుకు గాలి

ఉదయం ఐదూ నలభైకి మేడమీద తొట్టి రేకు తీశాను. కొర్రమీను వెంటనే పైకి వచ్చి నోరు తెరిచింది. మునిగింది. మళ్ళీ వచ్చి నోరు తెరిచింది. రేకు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. చివరి నెలల్లో మా అక్క ఊపిరి కోసం అలాగే నోరు తెరిచేది.

ఆ చేప అక్కదే. ఆమెకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. కొన్నేళ్ళ క్రితం మృగశిర కార్తె నాడు చేపమందు కోసం ఇద్దరం వరుసలో నిలబడ్డాం. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. అందరూ తలా ఒక పిల్లను కొంటే అక్క రెండు కొన్నది.

“ఒకటి సస్తే ఇంకోటుండాలె గదనే,” అన్నది.

మొదటిదే గొంతు దిగింది. రెండోది ప్లాస్టిక్ కవర్లో మిగిలిపోయింది.

“దీన్నేం జేస్తవ్? కూరొండుతవా?” అన్నాను ఆటోలో.

“నీ మొఖం. నా కోసం సావనీకి వచ్చిందది. బతకనీ.”

శ్రీనగర్ కాలనీలో మా ఇంటి మేడమీద సిమెంటు తొట్టిలో దాన్ని వదిలింది. ఉబ్బసం తగ్గలేదు. చేప మాత్రం మూరెడు పెరిగింది. అది ఎగిరి బయట పడకుండా తొట్టి మీద రేకు కప్పి ఇటుకలు పెట్టేది. రోజూ సాయంత్రం తొట్టికి కొత్త నీళ్ళు పట్టాక అందులోంచి రెండు బకెట్లు తీసి పూలకుండీలకు పోసేది. మెట్లు ఎక్కలేకపోయాక నన్ను పంపేది. “నీళ్ళు తీసినవానే?” అని మంచం మీంచే అడిగేది. మొక్కల మీద ప్రేమ అనుకున్నాను.

ఈ ఎండాకాలంలో పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో అక్క పోయింది. పూలకుండీలు పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. చేపను మాత్రం ఉంచుకున్నాను. నీళ్ళు ఎక్కువుంటే దానికి మంచిదని తొట్టిని అంచు దాకా నింపడం మొదలుపెట్టాను.

ఆ ఉదయం చేప నోరు తెరవడం చూసి, అదీ ఊపిరాడక పోతుందని భయం వేసింది. ఆ రోజే అమీర్‌పేటకు వెళ్ళాను. మైత్రీవనం వెనక గల్లీలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద అక్వేరియం దుకాణం ఒకటి ఉంది.

“తొట్టి ఎంత లోతుంటదమ్మా?” అన్నాడు దుకాణదారు.

“నడుము దాకా.”

“ఫౌంటెన్ మోటర్ వద్దు మరి. సూడనీకి మస్తుంటది గని నీళ్ళను పైపైననే తిప్పుతది. అడుగుదాక గాలి పోవాలంటే గీ రాయి మోటరే.”

“కరెంటు పోతే?”

“బ్యాటరీది సుత ఉన్నది. ఫికర్ వద్దు. సప్పుడు వినుండ్రి, ఎంత మెల్లగుందో.”

సన్నని గొట్టం చివర ఉన్న రాయిని బకెట్లో వేసి స్విచ్ నొక్కాడు. బుడగలు లేచాయి. అక్క మంచం పక్కన ఆక్సిజన్ మిషన్‌కు ఒక నీళ్ళ సీసా ఉండేది. గాలి అందులోంచి వచ్చేటప్పుడు అదే చప్పుడు.

“జర బంద్ చెయ్యన్నా,” అన్నాను.

అతను ఆపేశాడు. “బాగలేదా? ఇంతకీ ఏం చేపలమ్మా?”

“కొర్రమీను. ఒక్కటే.”

“అరె, ముందే చెప్పొద్దా! బేరం పోయింది నాకు,” అని నవ్వాడు. “కొర్రమీనుకు ఈ మోటర్లు ఎందుకమ్మా? అది మనలెక్కనే. పైకొచ్చి గాలి పీల్చుకుంటది. నీళ్ళ మీద జాగ దొరకలేదనుకో, చేపై పుట్టి నీళ్ళల్ల మునిగి సస్తది.”

తొట్టి అంచు దాకా నీళ్ళు. వాటిని తాకుతూ రేకు. రాత్రంతా దానికి అంచుల దగ్గర సందుల్లో దొరికిన గాలే. అక్క తీసే రెండు బకెట్లతో నీళ్ళు రేకుకు జానెడు కిందికి దిగేవి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ నాకు చెప్పలేదు. నాకు తెలుసనే అనుకుని ఉంటుంది.

ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం రెండు బకెట్లు తీశాను. పోయడానికి మొక్కలు లేవు. మేడమీదే పారబోశాను.

మర్నాడు రేకు తీసినప్పుడు చేప అడుగునే ఉంది. కాసేపటికి ఒకసారి పైకి వచ్చి, గాలి తీసుకుని, నెమ్మదిగా కిందికి వెళ్ళింది. ఆ మాట చెప్పడానికి కిందికి దిగి అక్క గది గుమ్మం దాకా వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఆ తొట్టిని నిండా నింపడం లేదు.