మేస్త్రీకి కనబడని పక్కలు

మేస్త్రీ రోజూ పొద్దున్నే నిన్నటి గోడకు అరచేయి ఆనించి దేవుణ్ణి తలుచుకునేవాడు. ఆపైన దారానికి కట్టిన ఇనప గుండును వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసేవాడు. గోడ నిటారుగా ఉంటే తన చూపూ సవ్యమేనని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లలో ఒక్క గోడా వంకర పోలేదు మరి.

అందుకే ఒకనాడు పక్కనున్న పరంజా కర్ర భుజానికి తగిలి, రెండో అంతస్తు ఎత్తున తూలి, తాడు దొరకబట్టి బతికినప్పుడు కూడా "కాలు జారింది" అనే అన్నాడు.

ఇంటావిడ ఊరుకోలేదు. "ఈ వారంలో రెండుసార్లు మన గుమ్మాన్ని గుద్దుకున్నారు. అక్కడా కాలే జారిందా?" అని కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది. పనిలో ఇటుకలందించే అక్క తోడు వచ్చింది.

డాక్టరమ్మ ఎదురుగా చూడమని, రెండు పక్కలా వేళ్లు ఆడించింది. ఒక్క వేలూ కనబడలేదు. "ఎన్నాళ్లుగా ఇలా?" అని మేస్త్రీని అడిగింది.

అక్కే నోరు విప్పింది. "ఆర్నెల్లయిందమ్మా. పక్కనుంచి ఇటుక అందిస్తే అందుకోడు. నామీద కోపమనుకున్నా. తర్వాత అర్థమై, ఎదురుగా వచ్చి అందిస్తున్నా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ!"

"చెప్పాగా అన్నా! గోడ నిటారుగా ఉందా లేదా, అది చూడు ముందు, అన్నావు."

ఆ ఆర్నెల్లూ బరువుతో ఆమె ఎన్ని అడుగులు ఎక్కువ నడిచిందో దేవుడికే తెలియాలి.

స్కానింగ్ చూశాక డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. "మీ కళ్లు బాగానే ఉన్నాయి. ఒక్కో కంటి నుంచీ నరాల కట్ట ఒకటి బయల్దేరుతుంది. ముక్కు వెనకాల వాటిలో కొన్ని పోగులు ఇటువి అటు, అటువి ఇటు దాటతాయి. అక్కణ్ణుంచి కబురంతా తల వెనక్కి పోతుంది. చూడడమనేది అక్కడ జరుగుతుంది. రెండు పక్కల కబురు మోసేవి ఆ దాటే పోగులే. కింద గడ్డ పెరిగి వాటిని నొక్కుతోంది. ఎదుటి కబురు మోసేవి బాగున్నాయి కాబట్టి గోడ కనబడింది."

"మా ఆవిడకి తల వెనక కళ్లున్నాయంటే నవ్వులాట అనుకున్నా," అన్నాడు మేస్త్రీ. అంతలోనే తన అరచేతులు చూసుకున్నాడు. "పక్కలు కనబడనివాడు పరంజా ఎక్కకూడదు కదా. గోడ కట్టకుండా ఈ చేతుల్తో ఏం చేసుకోను తల్లీ?"

"చెడ్డ గడ్డలా లేదు. ముక్కులోంచే తీసేస్తారు. చాలామందికి చూపు తిరిగొస్తుంది. మీకెంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

ఆపరేషనైన మూడోనాడు ఎదుటి గోడను చూస్తూ పడుకున్నాడు. తల తిప్పకుండానే కుడిపక్క ఏదో మెదిలింది. దుప్పటి సర్దుతున్న ఇంటావిడ చెయ్యి! ఆయన కళ్లనీళ్లు తుడుచుకోలేదు. తుడిస్తే ఆ చెయ్యి మళ్లీ మాయమవుతుందేమోనని భయం.

మూడు నెలలకు డాక్టరమ్మ మళ్లీ పరీక్ష చేసింది. "రెండు పక్కలా నిండుగా కనబడుతోంది. ఇక పరంజా ఎక్కొచ్చు."

గుండెల మీద బండ దించినట్టయింది. దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్లినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు.

"తల్లీ, ఓ చిన్న సాయం. మా ఆవిడ బయట కూర్చుంది. ఆ ఎక్కొచ్చన్న మాటేదో మీ నోటితో చెప్పండి. నేను చెప్తే చస్తే నమ్మదు."